దున్నపోతు బండకు లంగా

ఆగయ్య గొంతు గురించి ముందు చెప్పుకోవాలి. ఆయనకు ఒక పాత నావ, రెండు తెప్పలు ఉన్నా, అసలు ఆస్తి ఆ గొంతే. మల్లాపూర్ మండలంలో, వాగు వచ్చి గోదావరిలో కలిసే చోట ఒక రేవుంది. ఆ చుట్టుపక్కల గోదావరిని గోదావరి అనేవాళ్లు లేరు, గంగ అంటారు. రేవుకు సర్కారు కాగితాల్లో పేరు లేదు. జనం మాత్రం ఆగయ్య రేవు అంటారు. ఈ ఒడ్డున నిలబడి ఆగయ్య కేకేస్తే అవతల ఆదిలాబాదు జిల్లా ఒడ్డున మేసే బర్రె తలెత్తి చూసేదట. బర్రె సంగతేమో గాని, మనుషులు మాత్రం వినేవారు. వినకపోతే ఊరుకునే మనిషి కాదు ఆగయ్య.

రేవు చిన్నదే, రద్దీ పెద్దది. అవతలి వెదురు అడవి నుంచి కంకబొంగుల మోపులూ మక్కల బస్తాలూ వేసుకొని బరువు నావలు వచ్చేవి. ఆగయ్య కులస్తులైన గంగపుత్రులు తెప్పల మీద తిరుగుతూ వలలు వేసేవారు. ఆదివారం వస్తే కోరుట్ల నుంచి షావుకార్లు, పంతుళ్లు పిల్లాజెల్లాతో షికారుకు దిగేవారు. బరువు నావ చప్పున తిరగదు, వేసిన వల కదలదు, షికారుకు వచ్చినవాళ్లు కుదురుగా కూర్చోరు. ఈ మూడింటినీ ఒకే నీళ్లలో నడపాలి. ఎవరూ అడగకుండానే ఆ పనిని ఆగయ్య నెత్తికెత్తుకున్నాడు. జీతం లేదు, టోపీ లేదు, కనీసం ఒక ఈల కూడా లేదు. ఆ గొంతుకు ఈల ఎందుకు?

ఆయన చట్టం మూడు ముక్కలు. "నిండు నావకు ఒట్టి నావ తొవ్వియ్యాలె. పొద్దు పొడవకముందే నడిదారిల వలలు తియ్యాలె. నావల నిలవడ్డోడు నీళ్లల్ల వడ్డోడే." వలల దగ్గర మాత్రం రోజూ పంచాయితీ. నడిదారిలో వల ఎవరిదని అడిగితే ఒక్కరూ ఒప్పుకోరు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం. మూడో ముక్క దగ్గర ఆగయ్యకు చిన్నాపెద్దా తేడా లేదు. అడవిలో తుపాకులు పట్టిన అన్నల భయానికి ఊళ్లో కోటలాంటి గడికి తాళం వేసి కోరుట్లలో రైసుమిల్లు పెట్టుకున్న భాస్కర్ రావు దొర ఒకసారి భార్య సత్యవతితో షికారుకు వచ్చి, నడిగంగలో లేచి నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"కూసో దొరా! గడిల నిలవడు, నావల కూసో!" అని ఒడ్డు నుంచి కేక వచ్చింది.

ముప్పై ఏళ్ల కిందటయితే ఆ మాటకు వీపు చిట్లేది. దొర నాలుగు దిక్కులూ చూసి బుద్ధిగా కూర్చున్నాడు. దొరతనం పోయిందని అన్నలు ఊరూరా పాటలు కట్టి పాడుతున్న కాలమది. ఆగయ్య రేవులో పాట అక్కర్లేకపోయింది.

ఇంత అరుపు ఎందుకంటే, దానికి కారణం దున్నపోతు బండ. వాగు గంగను నెట్టే మలుపులో ఉంటుంది. ఎండాకాలం నల్లటి వీపు బయటపెట్టుకొని పడుకున్న దున్నపోతులాగే కనిపిస్తుంది. వానలు పడ్డాయా, రెండు జానల లోతున మునిగి, పైన నీళ్లను నున్నగా పారనిస్తుంది. పన్నెండేళ్ల కిందట, వెనకటి పుష్కరాల్లో, ఆగయ్య తమ్ముడు మొగిలి నడిపే నావ దానికి తగిలి పగిలింది. మొగిలి ఒక్కొక్కరినే తెప్పలకు అందించాడు. పద్దెనిమిది మంది ఒడ్డుకు వచ్చారు. మొగిలి రాలేదు. మూడు రోజులు వెతికినా దొరకలేదు.

ఆ రోజు ఆగయ్య ఒడ్డునే ఉన్నాడు. చేతిలో జిలేబి పొట్లం ఉంది. నావ మలుపు తిరగడం చూశాడు. అరవబోయి, మొగిలికి బండ తెలియదా ఏంది అనుకొని జిలేబి నోట్లో వేసుకున్నాడు. వరద ఎక్కి బండ ఎక్కడుందో ఆ పూట మొగిలికీ తెలియలేదు. ఆ అరవని కేక గొంతులోనే ఉండిపోయింది. అప్పటి నుంచి ఆయన జిలేబి ముట్టలేదు, అరవకుండా ఒక్క నావనూ వదల్లేదు.

ఇప్పుడు తొంభై ఒకటిలో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. పన్నెండు రోజులు, వేల మంది జనం, ఎక్కడెక్కడి నావలో వస్తాయి. ఈ పన్నెండు రోజుల్లో ఆ బండ ఒక్క మనిషిని కూడా మింగకూడదు. ఆగయ్యకు అదొక్కటే పంతం.

ఎండాకాలంలోనే బండ నెర్రెలో పొడుగాటి కంకబొంగు దిగగొట్టాడు. దాని కొసకు తన ఎర్ర తువ్వాల కట్టాడు. లారీలో బొంగులు బయటికి పొడుచుకొస్తే వెనక ఎర్ర గుడ్డే కదా కడతారు, జాగ్రత్త అని. ఆ లెక్క లారీలకు సరిపోయింది గాని, ఆ రోజులకు సరిపోలేదు. మూడో నాడే జీపు వచ్చింది.

"నడిగంగల ఎర్రజెండ ఎవడు పాతిండ్రా?" అన్నాడు ఎస్సై.

"నేనే సార్," అన్నాడు ఆగయ్య, శాలువా కప్పుతారేమో అన్నంత సంబరంగా.

"ఎవడు పెట్టమన్నడు?"

"ఎవలు చెప్తరు సార్? మా తమ్ముని కోసం పెట్టిన."

"తమ్ముడేడి?"

ఆగయ్య గంగ వైపు చూశాడు. "లోపట ఉన్నడు సార్."

ఎస్సై జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఆ రోజుల్లో లోపటికి పోయాడంటే అడవిలో అన్నల్లో కలిశాడని అర్థం. "ఎప్పుడు పోయిండు లోపటికి?"

"పన్నెండేండ్లాయె."

ఎస్సై కళ్లు పెద్దవయ్యాయి. పన్నెండేళ్లుగా లోపల ఉన్నవాడంటే చిన్నాచితకా మనిషి కాడు. "మల్ల ఎన్నిసార్లు అచ్చి పోయిండు?"

"ఎట్లస్తడు సార్?" అన్నాడు ఆగయ్య, ఈయనకేమైనా పిచ్చా అన్నట్టు చూసి. "నేనే దినాం పోయి మాట్లాడుత."

ఇంకొక్క మాటైతే ఆగయ్యను జీపెక్కించేవారే. అప్పటికి ఆయన భార్య సమ్మవ్వ చేపల గంప కింద పడేసి పరుగెత్తుకొచ్చింది. "సచ్చిండు సారూ! మా మరిది గంగల మునిగి సచ్చిండు. గా బండకు తాకి. ఈయినకు మాట్లాడ రాదు, ఒర్రుడే అస్తది!"

ఎస్సై పుస్తకం మూశాడు. కొంచెం సిగ్గుపడ్డట్టే ఉన్నాడు. "సరే, ఎరుపు మాత్రం తీసెయ్. మీద ఆఫీసర్లు చూస్తే నన్ను అడుగుతరు," అని వెళ్లిపోయాడు.

ఆగయ్య తెల్లగుడ్డ కట్టాడు. వారం తిరగకుండానే ఒక పొద్దున మూట పట్టుకొని ఇద్దరు పిల్లగాళ్లు నావ దిగారు. ఎవరని ఆగయ్య అడగలేదు, అలాంటివాళ్లను అడిగే రోజులు కావవి. వాళ్లలో సన్నటివాడు మర్యాదగా చెప్పాడు. "కాకా, తెల్లజెండ అంటె లొంగిపోవుడు. జనం తప్పర్థం తీసుకుంటరు. మార్చున్రి."

"ఏ అర్థమన్న తీసుకోని బిడ్డా, మునగకుంటే సాలు గద."

"అయినా మార్చున్రి కాకా."

పసుపు గుడ్డ కడితే ఓట్ల పార్టీవాళ్లు వచ్చి, ఆగయ్య మావాడేనని కొందరూ, ఎప్పటి నుంచని ఇంకొందరూ రేవులోనే కొట్లాట పెట్టుకున్నారు. ఆఖరికి విసిగి కాషాయం కట్టాడు. దేవుని రంగుకు ఎవరు అడ్డం చెబుతారు? ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే కొంప ముంచబోయింది. తొలి వానలకు బండ మునిగాక, భాస్కర్ రావు దొర కుటుంబం మళ్లీ షికారుకు వచ్చింది. సత్యవతి దొరసాని దూరం నుంచి కాషాయం చూసి చేతులు జోడించింది. "అంజన్న జెండ! నడిగంగల ఎంత మంచిగ వెలిసిండు! దగ్గరికి పోనీ, కొబ్బరికాయ కొడ్త." నావ నడిపేవాడు కూడా దండం పెట్టుకొని నేరుగా బండ మీదికి తోలాడు.

ఆగయ్య వేసిన కేకకు ఆ రోజు బర్రె నిజంగానే తలెత్తి ఉంటుంది. నావ అంచు బండకు రాసుకొని కిర్రుమంది. అందరూ కూర్చొని ఉన్నారు కాబట్టి సరిపోయింది. దొర ఒడ్డు దిగి ఆగయ్య చేయి పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆగయ్య అన్నం ముందు కూర్చొని ముద్ద ఎత్తలేదు. "రంగులన్నీ ఎవలియి వాళ్లు పంచుకున్నరే. ఒకటి వెడితే పోలీసులొస్తరు, ఒకటి వెడితే అన్నలొస్తరు, ఇంకోటి వెడితే కొబ్బరికాయలొస్తయి. ఎవ్వలూ దగ్గరికి రాని గుడ్డ ఒక్కటి లేదా?" అన్నాడు. పుష్కరాలు ఇంకా నెల రోజులు కూడా లేవు. ఆయన కళ్లలో నీళ్లు చూసి సమ్మవ్వ తిట్టబోయి మానుకుంది.

దారి మర్నాడు దానంతటదే దొరికింది. సమ్మవ్వ గుడ్డలుతికి, ఇంటి ముందు రెండు వేపచెట్ల నడుమ తాడు కట్టి ఆరేసింది. రేవుకు పోయే బాట ఆ తాడు కిందుగానే ఉంది. ఆగయ్య గడప మీద కూర్చొని చుట్ట కాలుస్తూ చూస్తున్నాడు. వలవాళ్లు నలుగురు వచ్చారు, తాడు దగ్గర ఆగారు, ముళ్లకంపలోంచి చుట్టూ తిరిగి పోయారు. బొంగుల మోపు మోసే కూలీ వచ్చాడు, అంత బరువుతోనూ చుట్టే తిరిగాడు. మల్లాపూర్ పంతులు సైకిలు దిగి, తల వంచుకొని, పక్కనున్న బురదలోంచి పోయాడు. తాడు మీద సమ్మవ్వ లంగా రెపరెపలాడుతోంది. ఆడవాళ్ల లంగా కింద నుంచి ఏ మగవాడు పోతాడు? పోతే ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పుడే అవ్వలు నూరిపోస్తారు. చూపు కూడా అటు పోనివ్వరు.

ఆగయ్య చుట్ట పారేసి లేచాడు. "సమ్మీ! దొరికిందే!"

సంగతి విని సమ్మవ్వ చేట ఎత్తింది. "నా లంగనా? నడిగంగలనా? పన్నెండు దినాలు జిల్లా జిల్లంత జూడనా? నీకు మతి గిట్ల వోయిందా?"

"నీది గాకుంటె ఎవలది అడుగుతనే? పక్కింటామెను అడిగితె బతుకనిస్తదా?"

ఆ మాట నిజమే. సమ్మవ్వ చేట దించి ఆలోచించింది. "నాదొద్దు, ఇంకెవలదీ వద్దు. ఎవ్వలూ కట్టంది కొత్తది కుట్టియ్యి. సిరిసిల్లకు పో, మా తమ్ముడు లేడా?"

సమ్మవ్వ తమ్ముడు రాజన్న చేపల వేట వదిలి సిరిసిల్లలో సాంచెల పనికి కుదిరాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. లంగాల గుడ్డ తానులు తానులుగా నేస్తారు. ఆగయ్య పోయేసరికి కార్ఖానాలో ఇరవై సాంచెలు ఒక్కసారిగా కొడుతున్నాయి. పక్కవాడి మాట పక్కవాడికి వినబడదు. అక్కడివాళ్లు చేతులతో సైగలు చేసుకుంటారు. లంగాకు ఆగయ్య సైగ ఎలా చేస్తాడు? గొంతు విప్పాడు.

"బామ్మర్దీ! లంగ గావాలె!"

ఇరవై సాంచెల మీదుగా ఆ మాట వీధి చివరి చాయ్ హోటల్ దాకా పోయింది. రాజన్న మొహం కందగడ్డయింది. "ఎవలకు బావా? అక్కకా?"

"కాదు! దున్నపోతుకు!"

సాంచెలు ఒక్కొక్కటే ఆగాయి. తీరా కథంతా విన్నాక నవ్వినవాళ్లు నవ్వారు. రాజన్న తాను విప్పాడు. రాణి రంగు గుడ్డ, పది గజాలు. కింద కుచ్చులు, పైన బొందు, అంతా నిజం లంగాలాగే ఉండాలని దర్జీ దగ్గర కూర్చొని కుట్టించాడు. "మొగిలే నాకు ఈత నేర్పిండు బావా," అని గుడ్డ మడతపెట్టి సంచిలో పెట్టాడు.

తిరుగు బస్సును కోరుట్ల దగ్గర పోలీసులు ఆపారు. పుష్కరాల ముందు తనిఖీలు ఎక్కువ. ఒక జవాను ఆగయ్య సంచిలో చెయ్యి పెట్టి లాగాడు. లాగుతున్నకొద్దీ గుడ్డ వస్తూనే ఉంది. బస్సంతా చూస్తోంది.

"ఏందిది?"

"లంగ సార్."

"ఇంత పెద్ద లంగనా? ఎవలకు?"

ఈసారి ఆగయ్య ఆలోచించి జవాబు చెప్పాడు. దున్నపోతు అంటే మళ్లీ ఏ అర్థం తీస్తారో. "గంగమ్మకు సార్."

జవాను చటుక్కున చెప్పులు విడిచి, లంగా రెండు చేతులతో కళ్లకద్దుకొని, మడత కూడా సరిచేసి ఇచ్చాడు.

పుష్కరాలు మొదలయ్యాయి. బొంగు కొసన రాణి రంగు లంగా గాలికి బుట్టలా ఉబ్బింది. కోసెడు దూరం నుంచి కనిపిస్తోంది. ఫలితం ఆగయ్య అనుకున్నదాని కంటే మిన్నగా ఉంది. బరువు నావలు నూరు గజాల ముందే పక్కకు మళ్లేవి. వలవాళ్లు ఆ దిక్కున వల వేయడమే మానేశారు. పన్నెండేళ్లు అరిచి చెప్పినా మాననివాళ్లు వీళ్లే. షికారు నావల్లో మగవాళ్లు అవతలి ఒడ్డున ఏదో వింత ఉన్నట్టు అటే చూస్తూ పోయేవారు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవారు. "సచ్చిపోతనని చెప్తె ఇనలే, లంగ జూపెడితె ఇన్నరు," అని ఆగయ్య గొణుక్కున్నాడు. కోపమో సంతోషమో ఆయనకే తేలలేదు.

అయినా నోరు ఊరుకోలేదు. కూసోండ్రి, ఒక్కదిక్కే ఒరగకుండ్రి, పోరగాండ్లను పట్టుకోండ్రి అని పొద్దంతా అరిచాడు. మిరియాల కషాయం తాగి మళ్లీ అరిచాడు. ఎనిమిదో రోజుకు గొంతు బొంగురుపోయింది. తొమ్మిదో రోజు పొద్దున లేచి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

సరిగ్గా ఆ రోజే వరద వచ్చింది. పైన ఎక్కడో కొట్టిన వానకు గంగ ఎర్రబడింది. వాగు కూడా పొంగి మలుపులో గంగను నెడుతోంది. నావలు ఆపమని ఆగయ్య చేతులూపి అందరినీ ఆపాడు. ఎగువ రేవు నుంచి అప్పటికే బయలుదేరిన నావ ఒకటి మాత్రం మలుపు తిరిగింది. నిండా జనం ఉన్నారు. నడిపేవాడు కొత్తవాడు, పుష్కరాల బేరానికి ఎక్కడి నుంచో వచ్చిన మనిషి. నావ ప్రవాహంలో పడి నేరుగా బండ మీదికి వస్తోంది.

ఆగయ్య నోరు తెరిచాడు. కేక రాలేదు. మళ్లీ తెరిచాడు. మెడనరాలు ఉబ్బాయి గాని చప్పుడు లేదు. పన్నెండేళ్ల కిందట గొంతు ఉండీ అరవలేదు, ఇప్పుడు అరుద్దామంటే గొంతు లేదు. ఆయన మోకాళ్ల లోతు నీళ్లలోకి ఉరికి రెండు చేతులూ ఊపాడు. ఆ దూరానికి అది రమ్మన్నట్టుందో వద్దన్నట్టుందో ఎవరికి తెలుస్తుంది? సమ్మవ్వ వెనక నుంచి ఆయన నడుం పట్టుకుంది.

అప్పుడు గాలి తిరిగింది. తడిసి బొంగుకు అంటుకుపోయిన లంగా ఒక్క విదిలింపుతో విచ్చుకుంది. నావలో కలకలం లేచింది. నడిపేవాడు తలెత్తి చూశాడు, చూసినవాడు చూసినట్టే మొహం తిప్పుకున్నాడు. గడను బలంకొద్దీ అవతలికి పొడిచాడు. నావలో మగవాళ్లందరూ అటు వద్దు అటు వద్దు అని చేతులతోనే నీళ్లు తోశారు. నావ ఒరిగి, తిరిగి, బండకు నాలుగు బారల దూరంగా జారి రేవులోకి వచ్చింది.

నడిపేవాడు దిగీ దిగగానే మండిపడ్డాడు. "ఎవలదయ్యా గా లంగ? నడిగంగల ఆరేస్తరా? ఆడోళ్లు మొగోళ్లు పొయ్యే తొవ్వ! మీ ఊరోళ్లకు సిగ్గు శరం లేదా?"

ఆగయ్య నీళ్లలోంచి గబగబా వచ్చాడు. ఆ మనిషిని వాటేసుకొని వెక్కివెక్కి ఏడ్చాడు. తిట్టినందుకు ఏడుస్తున్నాడేమోనని అతను కంగారుపడి, "పోనీ తియ్యి పెద్దమనిషీ, ఒక్క మాట అంటి," అని వీపు నిమిరాడు.

నావలోంచి ఎస్సై దిగాడు. పంచె కట్టుకొని, ముసలి తల్లిని చేయి పట్టుకొని దింపుతున్నాడు. ఆగయ్యను చూసి, బండ వైపు సగం చూసి తల దించుకున్నాడు. "ఆగయ్యా, అది అట్లనే ఉండనీ," అన్నాడు మెల్లగా. నావలో ఎస్సై పక్కనే కూర్చొని వచ్చిన ఆ సన్నటి పిల్లగాడు అందరికంటే ఆఖరున దిగి, మూట భుజాన వేసుకొని, ఆగయ్య చెవి దగ్గర ఆగాడు. "కాకా, గీ జెండకు మాకు గూడ అభ్యంతరం లేదు." ఇద్దరూ చెరో దారిన వెళ్లిపోయారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో వాళ్లకు తెలియదు. ఆగయ్యకు తెలుసు, కాని ఆయనకు గొంతు లేదు.

ఆ బండకు అప్పుడే లంగబండ అని పేరు పడింది. లంగ అంటే ఆ ప్రాంతంలో మోసగాడు అని కూడా అర్థం. ఏ అర్థంలో పెట్టారని అడిగితే ఆగయ్య రెండూ సరైనవే అంటాడు.

పన్నెండో రోజు సాయంత్రం ఆఖరి నావ ఒడ్డు తగిలింది. జనం దిగి పోయారు. రేవులో అరిటి డొప్పలు, పూలు, తడి అడుగులు మిగిలాయి. ఆగయ్య ఇంకా బండ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఊరూ నాడూ మునిగింది, నువ్వొక్కసారి గూడ మునుగలే," అంది సమ్మవ్వ. "దిగు."

ఆగయ్య అంగీ విప్పి దిగాడు. నడుం లోతుకు పోయి మూడు మునకలు వేశాడు. దోసిట నీళ్లు పట్టి, బండ ఉన్న దిక్కుకు తిరిగి నిలబడ్డాడు. గొంతు కొంచెం తిరిగివచ్చింది గాని, పక్కనున్నవాళ్లకు మాత్రమే వినబడేంత. ఆ ఊళ్లో ఆగయ్య అంత మెల్లగా మాట్లాడడం సమ్మవ్వ ఒక్కతే విన్నది.

"మొగిలీ, ఈపాలి నీ కాడికి ఎవ్వల్నీ రానియ్యలేరా," అన్నాడు. "ఒక్కనివే ఉన్నవు. ఏమనుకోకు తమ్మీ."

నీళ్లు వదిలాడు. ఒడ్డుకు వచ్చేసరికి సమ్మవ్వ పొడి తువ్వాల పట్టుకొని నిలబడి ఉంది. రెండో చేతిలో జిలేబి పొట్లం ఉంది. ఆగయ్య దాన్ని చూశాడు, సమ్మవ్వను చూశాడు, ఒకటి తీసుకొని సగం తుంచి గంగలో వేశాడు. మిగతా సగం నోట్లో పెట్టుకున్నాడు.